ఐదు గంటల కార్టూనూ, ఐదు కాళ్ల పురుగూ

మా చిన్నప్పుడు... సాయంత్రం ఐదయ్యేసరికి హిందూపురంలో మా వీధి పిల్లలందరూ మా పక్కింటి షబానా వాళ్ల ఇంట్లో ఉండేవాళ్లు. నేను మాత్రం బయట, కిటికీ దగ్గర నిలబడేదాన్ని...

నాయనకు మిల్లులో పని దొరికి పెనుకొండ నుంచి అప్పుడే వచ్చాం. నాకు పదకొండేళ్లు. బడిలో ఎవరూ తెలియదు, వీధిలో ఎవరూ తెలియదు. కేబుల్ టీవీ ఉన్నది షబానా వాళ్లింట్లోనే. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు... నేనూ అడగలేదు.

ఆ కార్టూన్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పిల్లలు అడవుల వెంట తిరిగి వింత జంతువుల్ని పట్టుకుంటారు, పెంచుతారు, ఒకదానితో ఇంకొకదాన్ని పోట్లాడిస్తారు. ఆ జంతువులేమో తమ పేరు తప్ప ఇంకో మాట పలకవు. హిందీలో వచ్చేది. మాకు సగం అర్థమయ్యేది కాదు. షబానా మధ్యమధ్యలో తెలుగులో చెప్పేది... ఆ అమ్మాయి చెప్పిందే మాకు కథ.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం పెనుకొండలో అవ్వ దగ్గరికి వెళ్లాను. కొండ కింద తుమ్మచెట్ల నిండా బంగారు పురుగులు... ఆకుపచ్చగా, ఎండ తగిలితే మెరిసిపోతూ. ఏడింటిని పట్టి, మూతకు చిల్లులు పొడిచిన టిఫిన్ డబ్బాలో తుమ్మాకు వేసి తెచ్చాను.

మరుసటి రోజు కిటికీ దగ్గర ఆ డబ్బా చూసి షబానా బయటికొచ్చింది. "ఏముండాది అందులో? చూపీవే!" అంది.

ఆ రోజు మొదటిసారి ఆ గడప దాటాను.

తలా ఒక పురుగు పంచాను. కార్టూన్ అయిపోగానే మా ఆట మొదలు... అరుగు మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, పురుగుల మెడకు దారం కట్టి, ఎదురెదురుగా వదిలేవాళ్లం. గీత దాటిన పురుగు ఓడినట్టు. పాపం, వాటికి పోట్లాడటమే రాదు. చీపురుపుల్లతో మేమే వెనక నుంచి నెట్టేవాళ్లం. ఆ నెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు. పది రోజులు వరసగా గెలిచాను. "మా పెనుకొండ పిల్ల!" అని షబానా నా భుజం మీద చెయ్యి వేసేది... ఆ చెయ్యి కోసం ఎన్ని పురుగుల్నైనా నెట్టేదాన్ని అప్పుడు.

పదకొండో రోజు షబానా పురుగుకూ నా పురుగుకూ పోటీ. నాది కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోయింది. భయపడితే అవి అట్లాగే చేస్తాయి. "లేపు, లేపు!" అని అందరూ అరుపులు. పుల్లతో పొడిచాను. లేవలేదు. దారం పట్టి గట్టిగా లాగాను. అరుగు పగుల్లో ఇరుక్కున్న కాలు ఒకటి ఊడి అక్కడే ఉండిపోయింది...

పురుగు మెల్లగా కదిలింది. మిగిలిన ఐదు కాళ్లతో పాకుతూ వచ్చి నా వేలు ఎక్కింది. రోజూ ఆకు పెట్టే వేలు కదా... దానికి తెలిసింది అదొక్కటే.

"ఇంక నేను ఆడను," అన్నాను.

"ఓడిపోతావని భయమా?" అంది షబానా.

"కాదే... దానికి ఇష్టం లేదేమో."

"టీవీలో వాటికి ఇష్టమే కదా! పెంచినోళ్ల కోసం పానం ఇస్తాయి."

"ఇష్టమని అవి చెప్పినాయా? వాటి పేరు తప్ప ఇంకేం పలకవు కదా."

అందరూ నవ్వారు. షబానా నవ్వలేదు. ముఖం ఎర్రగా చేసుకుని, "అంత పాపమనిపిస్తే మా ఇంటికి టీవీకి రావద్దు పో," అంది.

నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు... గెలిచిన పది రోజులూ ఈ ప్రశ్న నాకు రాలేదు. ఆ కాలు ఊడదీసింది నేనే.

రెండు రోజులకు పురుగు చచ్చిపోయింది. ఏడుస్తుంటే అమ్మ, "పురుగు కోసం స్నేహితురాలిని పోగొట్టుకుంటారామ్మా? పోయి మాట్లాడు పో," అంది. పోలేకపోయాను.

వానలు తగ్గాక పురుగులూ లేవు, ఆ ఆటా లేదు. అయినా నన్ను పిలవడానికి ఎవరూ రాలేదు. ఐదు కాగానే గోడ అవతల నుంచి ఆ పాట, పిల్లల కేకలు వినపడేవి. పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని. నాయన పనినుంచి వచ్చి, "ఏమ్మా, యాడికీ పోలేదా ఆడుకోను?" అనేవాడు. "హోంవర్క్ ఉండాది నాయనా," అనేదాన్ని... రెండేళ్లు అదే మాట. ఆ తర్వాత ధర్మవరం వచ్చేశాం.

పోయిన నెల ధర్మవరంలో చీరల అంగడిలో ఎవరో వెనక నుంచి చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు పెనుకొండ పిల్లవి కదా!" షబానా! ఆడబిడ్డ పెళ్లికి చీరలు కొనడానికి వచ్చిందట. కాసేపు మాట్లాడుకున్నాక ఉండబట్టలేక పురుగుల సంగతి ఎత్తాను.

"పురుగులా? ఛీ, మనం పురుగులతో ఆడినామా!" అని పకపకా నవ్వింది. ఒక్క ముక్క గుర్తులేదు.

తర్వాత నవ్వు ఆపి అంది... "నువ్వే ఎందుకో ఉన్నట్టుండి రావడం మానేస్తివి. చానా రోజులు చాప మీద నా పక్కన నీకు జాగా పెట్టినా. ఎవుర్నీ కూర్చోనీలేదు."

గోడకు ఈవల నేను... ఆవల నా జాగా...

ఇప్పుడు పిల్లలు ఎవరి ఫోన్లో వాళ్లే చూసుకుంటున్నారు. టీవీ కోసం ఇంకొకరి ఇంటికి పోయే పని లేదు, అలిగి మానేసే పనీ లేదు... పక్కన జాగా పెట్టి ఎదురుచూసేవాళ్లూ లేరు.

మీరూ చిన్నప్పుడు ఏదో ఒక ఇంటికి ఇట్లా పోవడం మానేసి ఉంటారు. ఎవరి ఇల్లు అది? ఇన్నేళ్లలో ఒక్కసారైనా వెళ్లి, మీకూ జాగా ఉంచారేమో అడిగారా?