లీడర్ లిస్టులో మూడో పేరు

శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి సాహితి ఫోన్ చేసి, "అమ్మా, సండే రేస్‌కి లీడర్ ఆప్షన్స్ త్రీ. నేను థర్డ్," అంది. తను ప్రొఫెషనల్ సైక్లింగ్ టీమ్‌లో రైడర్. కొండదారుల్లో జరిగే ఒక్కరోజు రేస్‌లో టీమ్‌లో ఆరుగురూ దిగినా, గెలవడానికి తొక్కేది లీడర్ ఒక్కరే. మిగతా ఐదుగురూ ఆ ఒక్కరికీ గాలి అడ్డుకుంటూ, నీళ్లందిస్తూ అలిసిపోతారు. మూడేళ్లుగా మా పిల్లది నీళ్లందించే పనే. ఎక్కడ పడిపోతుందోనన్న భయంతో ఇన్నాళ్లూ ఒక్క రేస్ కూడా చూడని నేను, మూడో పేరుగానైనా వచ్చిందిగా అని బయల్దేరాను.

ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి షాంటిలీలో మా ఇంటి దగ్గర కారు తీశాను. అరవై ఆరో నంబరు హైవే మీద పడమరకి, ఆ తర్వాత ఎనభై ఒకటో నంబరు మీద దక్షిణానికి రెండు గంటల పైచిలుకు డ్రైవ్. కారులో గ్యాస్‌కి ముప్పై డాలర్లు, చర్చి వెనక పార్కింగ్‌కి పది అయ్యాయి. రేస్ చూడటానికి టికెట్ లేదు. పక్క సీట్లో పులిహోర డబ్బా, హ్యాండ్‌బ్యాగ్‌లో దిష్టి తీయడానికి ఉప్పు పొట్లం పెట్టుకున్నాను.

టీమ్ వ్యాన్ దగ్గర డైరెక్టర్ క్యారెన్ నాకు కాఫీ ఇచ్చి, అడక్కుండానే అసలు సంగతి చెప్పింది. "ముగ్గుర్లో కొండెక్కడంలో మీ అమ్మాయే బెస్ట్. కానీ ఎలా ఉన్నావని అడిగితే ఎప్పుడూ 'ఓకే' అంటుంది. అలా అనే మనిషి కోసం ఐదుగుర్ని ఎలా అలిసిపొమ్మనను?"

ఆ 'ఓకే' నేర్పింది నేనే. ఎవరేమడిగినా బాగున్నానని నోటితో అనకు, దిష్టి తగులుతుందని చిన్నప్పటి నుంచీ నూరిపోశాను.

పదింటికి రేస్ మొదలైంది. ఒకే కొండని ఐదుసార్లు ఎక్కాలి. నేను మలుపులో నిలబడ్డాను. మూడోసారి సాహితి రోడ్డు అంచుగా వస్తుంటే చెప్పులతోనే పక్కన పరిగెత్తాను.

"ఏమే, కాళ్లెలా ఉన్నాయి?"

"సూపర్‌గా ఉన్నాయి అమ్మా!"

"ఆ మాట క్యారెన్‌కి చెప్పు! దిష్టి సంగతి నేను చూసుకుంటా!"

నన్ను వింతగా చూసింది. కాస్త ముందుకెళ్లాక తల వంచి మెడ దగ్గరి మైక్‌లో ఏదో చెప్పింది. నాలుగోసారి వచ్చేసరికి టీమ్ పిల్లలంతా ముందు వరుసకట్టి గాలి అడ్డుకుంటూ తొక్కుతున్నారు, వాళ్ల వెనక సాహితి. ఒకమ్మాయి తనకి నీళ్ల సీసా అందిస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు.

సాహితికి రెండో స్థానం వచ్చింది. వ్యాన్ దగ్గర క్యారెన్, "వచ్చే వారం కూడా కొండలే. ఎలా ఉన్నావు?" అని అడిగింది. సాహితి నావైపు ఒకసారి చూసి, "గెలుస్తాను," అంది. అలిసిన పిల్లలు ఉడికిన బంగాళాదుంపల్లోకి ఉప్పు వెతుక్కుంటుంటే నా పొట్లం వాళ్లకి ఇచ్చేశాను.

దిష్టి మీద నాకు నమ్మకం పోయిందని చెప్పను, అబద్ధమవుతుంది. పిల్లని కాపాడుకుందామనే బాగున్నానన్న మాట తన నోటికి రానివ్వలేదు. అదే తనని మూడేళ్లు వెనక నిలబెట్టిందని మాత్రం తిరిగొచ్చే దారంతా బాధపడ్డాను.

మీరూ వెళ్లాలనుకుంటే ఎనిమిది లోపు, రోడ్డు మూసేయకముందే కొండ మలుపుకి చేరండి. ఫినిష్ దగ్గర రెప్పపాటులో వెళ్లిపోతారు. కొండ ఎక్కేటప్పుడు మాత్రం ఒక్క మాట చెప్పేంత సమయం దొరుకుతుంది. ఆ మాటేదో ముందే ఆలోచించుకుని వెళ్లండి.