హయాత్ కొట్లో మర్యాద

హయాత్‌కు తన తెలివి మీద అపారమైన నమ్మకం. ఆ నమ్మకానికి ఇంతవరకు ఒక్క సాక్ష్యమూ దొరకలేదని ఆయనే చెప్పుకుని నవ్వుతాడు. సత్తెనపల్లిలో మిరప తోటలకు మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు బాగుచేసే కొట్టు ఆయనది. పనంతా వీరబాబుది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హయాత్ మాత్రం కొట్టు తన మొహం చూసే నడుస్తోందనుకునేవాడు.

వీరబాబుది పెద్ద నోరు. "ఏరా, మళ్లీ ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలే పోశావా? నీ గేదెకి కుడితి కూడా ఇట్టాగే పెడతావా?" అని రైతుని నలుగురిలో దులిపేసేవాడు. దులిపించుకున్నవాడు నవ్వుతూ బల్ల మీద చేరి, టీ తెప్పించి, తోట సంగతీ కూతురి చదువు సంగతీ చెప్పేవాడు.

నిరుడు ఎదురుగా స్ప్రేయర్లమ్మి బాగుచేసే ఏసీ షోరూం వెలిసింది. గుమ్మంలోనే చల్లటి నీళ్లిచ్చి "రండి సార్" అంటున్నారు. హయాత్ గుండెల్లో రాయి పడింది. మిరపకు తామరపురుగు పట్టి స్ప్రేయర్లకు ఊపిరాడని రోజులవి. ఆ కాస్త సీజనూ పోతే కొట్టు మూసుకోవాల్సిందే. ఫోన్లో వ్యాపార పాఠాలు విని హయాత్ పండితుడైపోయాడు. వీరబాబుకి నీలం చొక్కా కొనిచ్చి, "ఇవాళ్టి నించి ఎవర్నీ ఏరా అనకు. అందరూ సార్లే" అన్నాడు.

మొదట దొరికింది చెంచురామయ్య. వీరబాబు ఈడువాడే, ఏళ్ల తరబడి వస్తున్న మిరప రైతు.

"రండి సార్. కూర్చోండి సార్" అన్నాడు వీరబాబు, పాఠం అప్పజెప్పినట్టు.

చెంచురామయ్య మొహం పాలిపోయింది. "ఏందిరా, నా మీద కోపమా?"

"లేదు సార్."

"అయితే బిల్లు వాయించబోతున్నారన్న మాట" అని స్ప్రేయర్ భుజానేసుకుని వెళ్లిపోయాడు.

హయాత్ కొట్లో ఏదో తేడా వచ్చిందని ఊళ్లలో పాకిపోయింది. బల్ల ఖాళీ అయింది. చివరికి వీరబాబు చొక్కా విప్పి మడిచి పెట్టాడు. "పని చెయ్యమను, చస్తాను. నాటకాలాడమంటే నా వల్ల కాదు భాయ్" అని ఇంటికెళ్లిపోయాడు.

"కొరివితో తల గోక్కున్నారు" అంది భార్య ఫర్హానా. ఇక ఆయన మర్యాదలన్నీ కొట్లో ఈగలకే జరిగాయి.

ఆఖరికి బండేసుకుని వీరబాబు వాళ్ల ఊరెళ్లాడు. వాకిట్లో స్ప్రేయర్లు బారులు తీరి ఉన్నాయి. చెంచురామయ్యా ఇంకో నలుగురూ మంచం మీద కూర్చుని హాయిగా తిట్లు తింటున్నారు. కొట్టంటే వీరబాబేనని, తన కోసం ఎవరూ రాలేదని తెలిసొచ్చి హయాత్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

వీరబాబు తలెత్తాడు. "ఇప్పుడా వచ్చేది? వాషర్లు లేక పొద్దున్నించీ నీ దారే చూస్తన్నా."

"తప్పు నాదేరా."

"అది తర్వాత. ముందు వాషర్లు."

హయాత్ బండి తిప్పుకుని వెళ్లి కొట్లోంచి వాషర్ల డబ్బా తెచ్చాడు. కింద గొంతుక్కూర్చుని పానాలు అందించసాగాడు. ఒకటడిగితే ఒకటిచ్చాడు.

"ఎవరయ్యా ఈ కొత్త పనోడు?" అన్నాడు చెంచురామయ్య.

వీరబాబు నట్టు బిగిస్తూ హయాత్ వంక ఓసారి చూశాడు. "పని రాదు గానీ, మనిషి మంచోడే. ఉంచుకుందాంలే" అన్నాడు.