వెనక గుమ్మం దగ్గర వెల్వెట్

అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మా వీధి చివరి డ్రైక్లీనింగ్ షాపు ముందు నడుస్తుంటే, వెల్వెట్ మీద ఆవిరి ఇస్త్రీ తగిలిన వాసన ఇప్పటికీ నన్ను ఆపేస్తుంది. ఆగినప్పుడల్లా కాస్త గర్వపడతాను కూడా. దొంగను పట్టడానికి నేను వేసినంత చక్కటి ఎర మా బెజవాడ వన్‌టౌన్ బట్టల కొట్లలో ఎవరూ వేసి ఉండరు. అంత తెలివితక్కువ పని కూడా చేసి ఉండరు.

ఎనభైల మొదట్లో కార్ల కంపెనీ నన్ను లేఆఫ్ చేసింది. అప్పుడు డెట్రాయిట్ శివార్లలో పరదాలు కుట్టించి అమ్మే హానా గారు, "బట్టల కొట్టువాళ్ల అబ్బాయివటగా?" అని పనిలో పెట్టుకున్నారు. జీతం దగ్గర గంటసేపు బేరమాడి, ఆవిడ మొదట చెప్పినదానికే ఒప్పుకున్నాను. ఆవిడ యూదురాలు. శనివారం బేరాలు పోతున్నాయని నేనెంత మొత్తుకున్నా, వాళ్ల విశ్రాంతి దినం మొదలవుతుందని శుక్రవారం పొద్దు గుంకకముందే కొట్టు కట్టేసేవారు.

రే అనే డ్రైవరు అంతకుముందు ఆ కొట్లో పనిచేస్తూ, వెనక గుమ్మం గుండా బట్ట తానులు తరలించి దొరికిపోయినవాడు. నేను చేరిన కొన్నాళ్లకు తిరిగొచ్చి క్షమించమన్నాడు. ఆవిడ క్షమించి ఊరుకోలేదు. అదే వ్యాన్, అదే వెనక గుమ్మం తాళంచెవి అతని చేతిలో పెట్టారు.

"తాళం కూడానా మేడమ్! బుద్ధి పుట్టుకతో వస్తుంది. తలరాత."

"మా పెద్దలు ఓ కథ చెబుతారు షావుకారూ," అన్నారావిడ, నేను నేర్పిన మాటతోనే నన్ను వెక్కిరిస్తూ. "బిడ్డ పుట్టేముందు దేవదూత దేవుణ్ణి అడుగుతాడట: బలవంతుడా, బక్కవాడా? తెలివైనవాడా, మొద్దా? ఉన్నవాడా, లేనివాడా? మంచివాడా చెడ్డవాడా అని మాత్రం అడగడు. అది రాసిపెట్టే సంగతి కాదు."

"అయితే ఏ మూలనో పని ఇవ్వండి. ఆ గుమ్మమే ఎందుకు?"

"మారినట్టు తెలిసేది అక్కడే కదా. అదే చోట, అదే అవకాశం ముందు నిలబడి వద్దనుకోవాలి."

అవకాశమే కావాలంటే నేనివ్వలేనా అనుకున్నాను. ఓ గురువారం సాయంత్రం ముదురు ఎరుపు వెల్వెట్ తాను ఒకటి, సరుకు చీటీ పీకేసి, స్టాకు పుస్తకంలో ఎక్కించకుండా, వెనక గుమ్మం దగ్గర వదిలి ఇంటికి పోయాను. పొద్దున అది కత్తిరింపు బల్ల మీద ఉంది. పరుగున వెళ్లి, "రే పాసయ్యాడండీ!" అని జరిగింది చెప్పాను.

హానా గారి కత్తెర ఆగింది. "నేనిచ్చింది తాళం. నువ్వు తవ్వింది గొయ్యి."

"రెండూ పరీక్షలే కదండీ?"

"అతను నెగ్గాలని నేను తాళం ఇచ్చాను. నువ్వేం కోరుకున్నావు?"

 నా మాట నెగ్గాలని కోరుకున్నాను. అది నెగ్గాలంటే అతను ఓడాలి.

"వెళ్లి అతనికే చెప్పు. అతనికి చేసినదాన్ని అతని బదులు దేవుడు కూడా క్షమించలేడు."

"డోనట్లు కొనిస్తే సరిపోదా?"

"డోనట్లు కూడా కొను."

రే వ్యాన్‌లో కూర్చుని ఉన్నాడు. చెప్పేశాను. ఉద్యోగం వదిలి పోతాడేమోనని, అది నావల్లే అవుతుందని భయం. అతను డోనట్ తుంచుతూ, "పొద్దున వెలుతుర్లో చూశాక నీ ఎరేనని తెలిసింది. చీటీ మర్చిపోయే మొహమా నీది!" అన్నాడు. డోనట్ పక్కన పెట్టి గొంతు తగ్గించాడు. "నిన్న సాయంత్రం తెలీలేదు. వ్యాన్‌లో ఎక్కించేశాను. సిగ్నల్ దాకా వెళ్లాను కూడా. ఆ ముసలావిడకి మళ్లీ ఏ మొహంతో కనిపిస్తానని వెనక్కి తిప్పాను. ఇంకోసారి అలా చెయ్యకు బ్రదర్. ప్రతిసారీ తిప్పగలనో లేదో నాకే తెలీదు."

అతను పోలేదు. హానా గారు కొట్టు మూసేదాకా ఆ తాళంచెవి అతని దగ్గరే ఉంది. తర్వాత నేనూ సొంతంగా కొట్టు పెట్టి చాలామందికి తాళాలిచ్చాను. ఇచ్చేముందు, వీడు నెగ్గాలని కోరుకుంటున్నానా అని నన్ను నేను అడుగుతాను. లేదనిపిస్తే, నా బుద్ధి కుదిరేదాకా ఆగుతాను.

రే మంచితనం బయటపెట్టింది నా తెలివేనని చాన్నాళ్లు స్నేహితుల దగ్గర కోతలు కోశాను. నిజమైన లెక్క అది కాదు. ఆ సాయంత్రం వెల్వెట్ వ్యాన్ ఎక్కడంలో నాకు వాటా ఉంది. దిగడంలో లేదు. అది మొత్తం రేదే.