అమ్మ గొంతుకి వైద్యం

మా అమ్మ గొంతు పోయిందన్న కబురు నాకు చెప్పింది పక్క క్వార్టరు బెంగాలీ దీదీ. అమ్మ ఉండేది నా ఇంట్లో, పడుకునేది నా పక్క గదిలో, మాట్లాడేది నాతో. అయినా ఆ కబురు గోడ దాటి అవతలింటికి వెళ్ళి, అక్కణ్ణుంచి గేటు మీదుగా నా దగ్గరికి రావలసి వచ్చింది.

ఆ రోజు నాకు రెస్టు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరు గేటు ముందు నిలబడి, ఫోన్లో ఒకాయన పుచ్చకాయని ఇరవై రకాలుగా కోయడం శ్రద్ధగా చూస్తున్నాను. నాకు పుచ్చకాయ పడదు.

"దాదా, మాసీమార్ గలా ఖరాప్. ఆప్ని జానేన్ నా?" అంది దీదీ. మీ అమ్మ గొంతు పాడైంది, మీకు తెలియదా, అని. పది రోజులుగా అమ్మ పూటపూటా ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోందట. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటోందట. ఇక ఈ గొంతు తిరిగి రాదేమోనని దీదీ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుందట. ఉన్న కాస్త గొంతూ అరిగిపోతుందని ఇంట్లో మాట్లాడటం మానేసిందట.

ఇది మాత్రం నాకు కొంచెం తెలుసు. ఈమధ్య ఇల్లు ప్రశాంతంగా ఉందని రెండు మూడుసార్లు సంతోషించాను కూడా.

నేను గూడ్సుబళ్ళ లోకో పైలట్‌ని, అంటే పాత భాషలో డ్రైవర్ని. ఇంజనెక్కితే ఫోను స్విచాఫ్ చేసి సంచీలో పెట్టాలి, అది రూలు. తొమ్మిది గంటలైనా, పది గంటలైనా దాని ముఖం చూడను. ఒక్కనాడూ చెయ్యి దురద పెట్టలేదు. పైగా అక్కడ నా చెవులు మహా చురుకు. సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ చెయ్యి చాపి "హోమ్ సిగ్నల్ గ్రీన్" అని గట్టిగా చెప్తాడు. నేను కూడా చూసి, చెయ్యి చాపి, "హోమ్ సిగ్నల్ గ్రీన్" అని తిరిగి అదే మాట చెప్పాలి. ఊఁ అంటే కుదరదు. తల ఊపితే కుదరదు. నేను తిరిగి చెప్పక, బండిని అదుపు చెయ్యకపోతే ఎమర్జెన్సీ బ్రేకు వేసే హక్కు అతనికుంది. ఇరవై ఏళ్ళలో నాతో పనిచేసిన ఎవరికీ ఆ అవసరం రాలేదు.

ఇంజను దిగాక ఫోను ఆన్ చేస్తాను. ఆ తర్వాత జరిగేదానికి రూల్సు లేవు. తిండి ఫోనుతో, స్నానం గదిలోకి ఫోనుతో. మా ఇంట్లో సిగ్నల్ బాగా అందేది పెరటి వరండాలో ఒకే ఒక్క చోట, గోడకి ఆనించి ఉన్న నాన్న సైకిలు పక్కన. నాన్న ముప్పై ఏళ్ళు ఆ సైకిలు మీదే రైల్వే వర్క్‌షాపుకి వెళ్ళాడు. పొద్దున్న సైరన్ మోగేలోపు గేటు చేరాల్సిన వందల సైకిళ్ళలో అదొకటి. నేను తొక్కడం నేర్చుకున్నదీ దాని మీదే, సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి. నాన్న పోయి నాలుగేళ్ళయినా అది అక్కడే ఉండేది. దాని సీటు మీద మోచెయ్యి ఆనించుకుని నేను ప్రపంచ విషయాలు తెలుసుకునేవాణ్ణి.

ఫోను తగ్గించుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదనుకోకండి. చాలాసార్లు పుట్టింది, ప్రతిసారీ ఫోన్లోనే పుట్టింది. మా వీధి తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో పెట్టిన "ఫోను మానండి, బంధాలు నిలుపుకోండి" అనే వీడియో చివరిదాకా చూసి, కదిలిపోయి, ఇంకో పదకొండు గ్రూపులకి పంపాను. ఫోను వాడకాన్ని లెక్కగట్టే యాప్ ఒకటి పెట్టుకున్నాను. ఎంత తక్కువ చూస్తున్నానో తెలుసుకోవడానికి మాటిమాటికీ దాన్నే చూసేవాణ్ణి. అది ఒకరోజు నన్ను మెచ్చుకుంటూ బొమ్మ పువ్వు ఇచ్చింది. ఆ పువ్వుని కూడా ఫొటో తీసి పంపాను.

దీదీ చెప్పిన మర్నాడు పొద్దున్నే అమ్మని రైల్వే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. గొంతు డాక్టరు దగ్గర వరస పెద్దదే ఉంది. మంచి కొడుకునని నా మీద నాకు గౌరవం కలిగింది. ఆ గౌరవంతోనే ఫోను తీశాను.

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. ఏమిటి బాధ అని అడిగింది. అమ్మకి కూరగాయల బజారుకి సరిపడా బెంగాలీ, ఇరుగుపొరుగుకి సరిపడా హిందీ వచ్చు గానీ, గొంతు బాధకి రెండూ చాలక తెలుగులోకి దిగింది. నేను దుబాసీని.

"నాను ఒక మాట రెండుపాల్లు, మూడుపాల్లు సెప్తానండి. ఆడికి ఇనబడదు. ఊఁ అంటాడు, అంతే. నా గొంతు పడిపోనాది."

నేను హిందీలో, ఆవిడ మాట ఇంట్లోవాళ్ళకి సరిగ్గా వినబడటం లేదట మేడమ్, అన్నాను.

అమ్మకి హిందీ అర్థమవుతుందన్న సంగతి ఆ క్షణంలో మర్చిపోయాను. "ఇంట్లోవోళ్ళు కాదు బావూ. నీకని సెప్పు" అంది.

చెప్పాను. డాక్టరమ్మ టార్చి వేసి గొంతంతా చూసింది. మిగతావాళ్ళకి వినబడుతోందా అని అడిగింది. "కోడలికి ఇనబడతాది. దీదీకి ఇనబడతాది. కూరలోడిని పిలిస్తే ఈది సివర్నుండి తిరిగొస్తాడు" అంది అమ్మ.

"అయితే మీ అబ్బాయి చెవులు చూడాలి."

అమ్మకి కోపం వచ్చింది. "ఆడి సెవులకేటండి! మొన్ననే రైల్వేవోళ్ళు ఎనకాల నిలబడి గుసగుసలాడి మరీ పరీక్ష సేసినారు, పాసైనాడు. ఇంజన్లో సిగ్నల్ ఎవులు సెప్పినా గబుక్కున తిరిగి సెప్తాడు. ఆడి సెవులు కావు, తప్పు నా గొంతుదే."

నా చెవులకి రైల్వే ఇచ్చిన సర్టిఫికెట్ ఉంది. ఆవిడ గొంతుకి ఏ సర్టిఫికెట్టూ లేదు. అందుకని నేరం గొంతు మీద వేసుకుంది. ఈ వాదనని నేను మాట పొల్లుపోకుండా హిందీలోకి మార్చి డాక్టరమ్మకి అందించాను.

ఆవిడ నా చేతిలోని ఫోను వైపు చూసింది. దాని మీద ఎవరో చప్పుడు లేకుండా డాన్సు చేస్తున్నారు.

"ఇంజన్లో దాన్నేం చేస్తారు?"

"స్విచాఫ్ చేసి సంచీలో పెడతాను మేడమ్."

"ఎందుకు?"

"ప్రమాదం కదా మేడమ్."

ఆవిడ కాగితం మీద గొంతు బాగుందని రాసి, తర్వాతి రోగిని పిలిచింది.

నాకు సిగ్గేసింది. ఇది రాస్తున్నప్పుడు కూడా వేస్తోంది. టోటో అనే బ్యాటరీ రిక్షాలో ఇంటికొస్తుంటే అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మందు రాయలేదేటి బావూ? నయమవదేటి?" అని అడిగింది.

"నయమైపోద్దమ్మా. గొంతు బాగానే ఉందట."

"మరి నీకెందుకు ఇనబడదు?"

ఇంటికి వెళ్ళాక చెప్తానన్నాను. ఇంటికి వెళ్ళాక చెప్పలేకపోయాను గానీ, ఇంజను పద్ధతి ఇంట్లో మొదలుపెట్టాను. అమ్మ ఏ మాటన్నా నేను ఆ మాట తిరిగి చెప్పాలి. ఊఁ చెల్లదు. రెండుసార్లు చెప్పినా తిరిగి చెప్పకపోతే అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుని దేన్లోనైనా పెట్టి మూసెయ్యొచ్చు, అదే ఎమర్జెన్సీ బ్రేకు. మూసెయ్యడానికి మూత ఉన్నదేదైనా కావాలని వంటింట్లో వెతికితే, పై అరలో కొత్త స్టీలు డబ్బా ఒకటి తళతళలాడుతూ కనబడింది.

మా ఆవిడ నన్నూ డబ్బానీ మార్చి మార్చి చూసింది. "ఆ డబ్బాయే దొరికినాదేటండీ మీకు?" అంది. సామాను పాడవుతుందని బెంగ కాబోలనుకున్నాను. కొన్నాళ్ళుగా ఆవిడ నాతో ముక్తసరిగా ఉంటోంది. దాని కారణం కూడా నేను విచారించలేదు. పద్ధతంతా విని, "ఇంజను సేసుకున్న పుణ్యం మాకెక్కడిది, ఇన్నాళ్ళకి మా వంతొచ్చినాది" అంది.

మొదటి రెండు రోజులు నా బొటనవేలు పప్పన్నం మీద కూడా పైకి తోస్తూ పోయింది. అమ్మ నాలుగుసార్లు బ్రేకు వేసింది. ఒకసారి నేను పద్ధతి ప్రకారం తిరిగి చెప్పినా వేసేసింది. ఎందుకమ్మా అంటే, "అలవాటైపోనాది" అంది. ఏమీ తోచక పకోడీల పొట్లం కాగితం చదివాను. అది బెంగాలీలో ఉంది. నాకు చదవడం రాదు, అయినా రెండు వైపులా చూశాను. మా ఆవిడ కళ్ళజోడు ఫ్రేము మారిందని కనిపెట్టి గొప్పగా చెప్పాను. ఆ ఫ్రేము వచ్చి ఆర్నెల్లయిందట.

అమ్మ మొదట్లో నన్ను నమ్మలేదు. గది గుమ్మంలో నిలబడి పరీక్షగా, "బావూ, ఉప్పు అయిపోనాది" అనేది.

"ఉప్పు అయిపోయింది."

"ఇనబడినాదే!" అని కోడలి వైపు తిరిగి నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు సంతోషమూ అయ్యేది, సిగ్గూ వేసేది. నాలుగో రోజుకి పుక్కిలించడం మానేసింది. వారానికి కరక్కాయ దీదీ వాళ్ళింటికి చేరింది. తర్వాత గొంతు పూర్తిగా తిరిగొచ్చింది, అంటే పొద్దున్న లేచింది మొదలు ఆగలేదు. జామచెట్టుకి పిందెలు పడ్డాయి, దీదీ అల్లుడికి మలంచా పేటలో అద్దెకి ఇల్లు దొరికింది, పంపు నీళ్ళు సన్నగా వస్తున్నాయి. అన్నీ తిరిగి చెప్పాను. నా అంత బాగుపడినవాడు ఖరగ్‌పూర్ మొత్తం మీద లేడనిపించి, ఈ సంగతి గ్రూపులో పెడదామా అని కూడా ఆలోచించాను. ఫోను డబ్బాలో ఉంది, గ్రూపువాళ్ళు బతికిపోయారు.

అలా రెండు వారాలు గడిచాక ఒక రెస్టు రోజు మధ్యాహ్నం భోజనం చేసి, అలవాటుగా పెరటి వరండాలోకి వెళ్ళి నా చోట నిలబడ్డాను. చేతిలో ఏమీ లేదు. గోడకి వీపు ఆనించాను. హాయిగా ఆనింది. చాలా రోజులుగా అలా హాయిగానే ఆనుతోందని గుర్తొచ్చింది. అంతకుముందు అక్కడ వీపు ఆనించడానికి చోటు లేదని కూడా గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. గోడ మీద హ్యాండిల్ రాసుకున్న నల్లటి గీత ఉంది, అంతే.

"అమ్మా, నాన్న సైకిలేదీ?"

అమ్మ గుమ్మంలో కూర్చుని తోటకూర తుంచుతోంది. చెయ్యి ఆపింది. "ఇప్పుడు సూసినావా?" అంది.

పాత సామాన్లకి స్టీలు గిన్నెలూ డబ్బాలూ ఇచ్చేవాడు వచ్చాడట. సైకిలు తుప్పు పడుతోంది, ఇచ్చేయమన్నాడట. "నానివ్వననే సెప్పినాను. అయినా నిన్నో మాట అడగాల కదా అని లోనికొచ్చినాను. ఇచ్చీమంటావేటి బావూ అన్నాను. ఊఁ అన్నావు. నీకు ఇనబడలేదేమోనని మళ్ళీ అడిగినాను. ఊఁ అన్నావు. ఇచ్చీసినాను."

నేను గోడ మీది నల్లటి గీత వైపు చూశాను.

"నాలుగు రోజులు సూసినాను, అడుగుతావని. రోజూ అక్కడే నిలబడతావు, అడగలేదు. నీకు ఇనబడుంటే వద్దనే అందువు, నాకు తెల్దేటి? అప్పుడే తెలిసినాది నా గొంతు పోనాదని."

వంటింట్లో మా ఆవిడ గిన్నెల చప్పుడు ఆగింది. అక్కడ గట్టు మీద ఆ స్టీలు డబ్బా కనబడుతోంది, లోపల నా ఫోనుతో.

"మీ నాన్న సైకిలు ఇచ్చీసినాను బావూ" అంది అమ్మ మళ్ళీ, మెల్లగా. అని నా వైపు చూస్తూ కూర్చుంది, పద్ధతి ప్రకారం.

"నాన్న సైకిలు ఇచ్చేశావు" అన్నాను.

"గట్టిగా సెప్పు నాయినా" అంది అమ్మ. "ఇనబడలేదు."