పన్నెండేళ్లకే నెరిసిన నా రెండు జడలు

మా చిన్నప్పుడు... జూలూరుపాడు బడిలో ఏడో తరగతి చదివే నాకు రెండు జడలు, రెండు ఎర్ర రిబ్బన్లు, తలనిండా తెల్ల వెంట్రుకలు!

క్లాసులో నా పేరు ముసలవ్వ. అన్నవాళ్లను ఊరికే వదిలేదాన్నా... "అవ్, అవ్వనే. కాళ్లు మొక్కు బిడ్డా" అని గుమ్మంలో కాళ్లు చాపి కూర్చునేదాన్ని. మొక్కేదాకా దారి ఇచ్చేదాన్ని కాదు.

ఇంట్లో మాత్రం అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టేదాన్ని.

రెండేళ్లుగా నాకు కడుపు బాగుండేది కాదు. తింటే ఉబ్బరం, తినకపోతే నొప్పి... చెంబు పట్టుకుని పరిగెత్తడమే పని. అమ్మ నా తలకు గోరింటాకు రుద్దింది. తెల్లవి కాస్తా ఎర్రబడి కోడిపుంజులా తయారయ్యాను.

చివరికి నాన్న కొత్తగూడెంలో ఒక దవాఖానాకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసింది. "పిల్లకు రక్తం లేదు. కడుపు చెడి, తిన్నది ఒంటికి పట్టకపోతే వెంట్రుకలు గూడ తెల్లబడొచ్చు. గదే కారణమని గట్టిగ చెప్పలేను. ముందుగాల కడుపు బాగుచేద్దాం" అంది.

మందులు, సూదులు... నాలుగు నెలలకు కడుపు కుదుటపడింది. ఆకలి పుట్టింది. జుట్టు మొదళ్లలో కాస్త నలుపు కనబడినా, గోరింటాకు వెలిసిపోయిన జడలు తెల్లగానే ఉన్నాయి. ఒంట్లోకి బలం మాత్రం వచ్చింది. ఆ ఏడాదే మొదటిసారి కబడ్డీ టీములోకి నన్ను తీసుకున్నారు. పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల పోటీ.

ఫైనల్ రోజు అవతలి బడి సారు నన్ను చూసి గీతకు అడ్డం నిలబడ్డాడు. "ఏంది గిది? గీమెకు మనుమలున్నట్టున్నరు! ఆడనియ్యం!"

నా వయసు కాగితమేమో మా బడి బీరువాలో... ఆ బీరువా జూలూరుపాడులో, మేం ఖమ్మంలో. రిఫరీ నన్ను బయటికి పొమ్మన్నాడు. ఏడుస్తూ గీత బయటికి నడిచాను.

అప్పుడు జనంలోంచి నాన్న వచ్చాడు. ఎడ్ల బేరాలు చేసే మనిషి. ఆట చూడ్డానికి సంత మానుకుని వచ్చాడు.

"ఎద్దు వయసు వెంట్రుకలు జూసి చెప్తరా సారూ? పళ్లు జూస్తరు. బిడ్డా, నోరు తెరువు!"

అంతమందిలో నా దవడ పట్టి తెరిపించాడు. "అగో, ఎనకాల పాల పన్ను... ఇంకా ఊడలే. మనుమలున్న ముసల్దానికి పాల పన్నుంటదా?"

రిఫరీ వేలు పెట్టి కదిపాడు. ఊగింది! కొరుకుదామనుకున్నా గానీ, ఆట కోసం ఓర్చుకున్నా.

గ్రౌండంతా ఒకటే నవ్వు. "పో, జల్దీ ఆడు పో!" అన్నాడు రిఫరీ.

చివరి కూత నాదే. ముగ్గురిని తాకాను. నడుం పట్టి లాగుతున్నా పాక్కుంటూ వచ్చి గీత ముట్టాను. గెలిచాం! ఆ పెనుగులాటలో పన్ను ఊడి మట్టిలో పడింది. నెత్తురు ఉమ్మేసి, అవతలి సారు దగ్గరికి నడిచాను. "మిమ్ముల ఓడగొట్టిన్నని నా మనుమలకు చెప్త సారూ!"

ఇప్పుడు పిల్లలకు ఒక్క తెల్ల వెంట్రుక కనబడితే చాలు, రంగు డబ్బా కొనేస్తున్నాం. కడుపు ఎట్లా ఉందని అడిగే తీరిక ఎవరికీ లేదు. బిడ్డ నోట్లో ఏ పన్ను ఊడిందో, ఏది ఊడలేదో లెక్క తెలిసిన నాన్నలు ఇప్పుడెంతమంది ఉన్నారో...

మీకోసం అట్లా పదిమందిలో నిలబడ్డవాళ్లెవరు? కింద రాయండి... నేను చదువుతా.