తప్పుల్లేని నక్షత్రం

డిగ్రీలో సైకాలజీ తీసుకున్నానని చెబితే మా ఊళ్లో అందరూ ఒకటే అడిగేవారు: "నా మనసుల ఏమున్నదో చెప్పు బిడ్డా." ములుగు దారిలో పల్లె మాది. ఎనభైల మొదట్లో హనుమకొండలో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఎదుటివాళ్ల మనసు సంగతి ఏమో గానీ, నా మనసులో ఏముందో మాత్రం నాకు బాగా తెలుసు. నా బెంచీలో కూర్చునే కాజీపేట పిల్ల మీద కుళ్లు.

వాళ్ల నాన్న రైల్వేలో గార్డు. ఇంటికి ఇంగ్లీషు పేపరు వచ్చేదట. ఆదివారాలు చర్చిలో పాడేదట. నేను డిక్షనరీ పట్టుకుని పేజీకి గంట కూర్చునే పుస్తకాన్ని ఆ పిల్ల బస్సులో నిలబడి చదివేసి వచ్చేది. పైగా మంచిది. అదే నాకు మింగుడు పడేది కాదు. కాస్త గర్వమైనా ఉంటే తిట్టుకోవడానికి వీలుండేది. తన టిఫిన్ డబ్బాలో సగం నాకే పెట్టేది. నేను తినేదాన్ని, తింటూనే లోపల ఏడ్చేదాన్ని.

ప్రాక్టికల్స్‌లో ఇద్దరిద్దరు జత. ఒకరు ప్రయోగం చేయించాలి, ఇంకొకరు సబ్జెక్ట్‌గా, అంటే ప్రయోగం తన మీద చేయించుకునే మనిషిగా, కూర్చోవాలి. మేమిద్దరం ఒక జత. ఒక ప్రయోగంలో అద్దం ముందు నక్షత్రం బొమ్మ పెడతారు. చెయ్యి కనిపించకుండా పైన ఒక రేకు అడ్డం ఉంటుంది. అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రం చుట్టూ ఉన్న జంట గీతల మధ్య నుంచి పెన్సిలు పోనివ్వాలి. అద్దంలో అంతా తలకిందులు కాబట్టి చెయ్యి మాట వినదు. గీత దాటిన ప్రతిసారీ ఒక తప్పు. అలా పదిసార్లు గీయించి తప్పులు లెక్కపెట్టాలి.

ఆ పిల్ల మొదటిసారి గీసినప్పుడు తప్పులే తప్పులు. నాకెంత హాయిగా ఉందో! తర్వాత ఒక్కోసారికీ తగ్గుతూ వచ్చాయి. నేను గీసిన గ్రాఫు మెట్లు దిగినట్టు చక్కగా కిందికి దిగింది. సార్ దాన్ని ఎత్తి క్లాసంతటికీ చూపించి, "సబ్జెక్ట్ అంటే ఇట్లుండాలె" అన్నారు. రికార్డు నాది, గ్రాఫు నాది, మెప్పు ఆమెకి. తప్పులు చేసినా మెచ్చుకుంటారా ఈ పిల్లని! అందరికీ కలిపి అద్దం ఒక్కటే కావడంతో గంట అయిపోయి, సబ్జెక్ట్‌గా నా వంతు రానేలేదు.

ఆ ఆదివారం నుంచే మొదలుపెట్టాను. హాస్టల్ పిల్లలంతా మ్యాట్నీకి పోతే, నేను గోడ అద్దం దించి, అట్టముక్క అడ్డం పెట్టుకుని నక్షత్రాలు గీశాను. వారాల తరబడి గీశాను. ఒక్క తప్పు లేకుండా వచ్చేదాకా వదల్లేదు. ఎప్పుడో ఒకప్పుడు నా వంతు వస్తే సార్ నోరు వెళ్లబెట్టాలి, అది ఆ పిల్ల చూడాలి. అంతే నా కోరిక.

ఫైనల్ ప్రాక్టికల్ పరీక్షలో చీటీ తీస్తే ఆమెకి ఆ అద్దమే వచ్చింది. నా ప్రయోగం అప్పటికే పొద్దున అయిపోయింది. అద్దం ముందు అంతవరకు ఒక్కసారీ కూర్చోనివాళ్లే సబ్జెక్ట్‌గా కావాలన్నారు, అందుకే ఆమె నన్ను పిలిచింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం పక్కనే నిలబడ్డారు. నేను పెన్సిలు పెట్టి ఆగకుండా గీసేశాను. తప్పులు సున్నా. రెండోసారి సున్నా. మూడోసారీ సున్నా. ఒళ్లంతా గర్వం.

మేడం మొహం చిట్లించారు. "ఇందులో నేర్చుకున్నది ఎక్కడుందమ్మా? గ్రాఫు ఏమని గీస్తావు?" అని ఆమెనడిగారు.

అప్పుడు తట్టింది నా బుర్రకి. ఈ ప్రయోగంలో తప్పులు ఉండాలి, ఉండి తగ్గాలి. మూడేళ్లు సైకాలజీ చదివి, నేను దీన్ని పరుగుపందెం అనుకున్నాను. పైగా ఇప్పుడు మార్కులు పోయేవి నావి కావు, ఆమెవి. ఎమ్మే సీటు మీద ఇద్దరికీ ఆశ ఉంది. ఈ మార్కులు పోతే ఆమెకి సీటు లేనట్టే.

ప్రయోగం అయ్యాక, తనకెలా అనిపించిందో సబ్జెక్ట్ ఆ పేపర్లోనే స్వయంగా రాయాలి. అది పద్ధతి. ఆమె కాగితం నా ముందుకి జరిపి, "ఇంతకుముందు ఎప్పుడన్న చేసినవానే? చేస్తే రాయి, ఏం గాదు" అంది మెల్లగా. సాధన చేశానని ఒక్క ముక్క రాస్తే చాలు. ఆ సున్నాలకి కారణం దొరికేది, ఆమె పేపరు నిలబడేది.

"నాకు సులభంగా అనిపించింది. ఇంతకు ముందు ఎప్పుడూ చేయలేదు" అని రాశాను.

ప్రాక్టికల్స్‌లో నేను ఫస్టు. ఆమె చాలా కింద. ఎమ్మే సీటు నాకొచ్చింది, ఆమెకి రాలేదు. నోటీసు బోర్డు దగ్గర నా భుజం మీద చెయ్యేసి, "మస్తు సంతోషమైందే" అంది. నిజంగానే అంది. దొంగ సంతోషమైతే నేను ఇట్టే కనిపెట్టేదాన్ని, అందులో నన్ను మించినవాళ్లు లేరు.

బస్టాండు దాకా కలిసి నడిచాం. దారిలో ఉన్నట్టుండి అంది: "మొదటిసారి గీసెటోళ్లకు నక్షత్రం మూల కాడ చెయ్యి ఆగుతది. నీది ఆగలే. నేను అప్పుడే చూసిన."

"మరి మేడంకు ఎందుకు చెప్పలే?"

"సబ్జెక్ట్ ఏం రాస్తే అదే రిపోర్టు గదా. నేనెట్ల దిద్దుత?"

కాజీపేట బస్సు రాగానే ఎక్కేసింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను సిగ్గుపడాలి కదా? పడ్డాను, కాదనను. కానీ దానికన్నా ముందు వచ్చింది వేరే. సీటు పోయాక కూడా ఆ పిల్ల అంత నిమ్మళంగా ఎలా కూర్చోగలిగిందా అని, బస్సు మలుపు తిరిగేదాకా కుళ్లుకుంటూ నిలబడ్డాను.