బావి ఇసుకతో చేసిన రాయి

దయ్యాలు, శకునాలు అంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకునే మా నాయనతో చిన్నప్పటి నుంచే తగువు పడినవాణ్ణి. ఇప్పుడు రాస్తా ఉండేది కూడా దయ్యం కథ కాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

ఎనభైల్లో, కరువు రోజులు. నేను తిరుపతిలో రీసెర్చి చేస్తా ఉన్నాను. నా పని రాళ్ళు తయారు చేయడం. నవ్వొద్దండి, నిజంగానే రాళ్ళు.

భూమి అడుగున గ్యాసు ఉందంటే అక్కడేదో పెద్ద గుహ ఉంటుందని అందరూ అనుకుంటారు. అట్ల కాదు. ఇడ్లీలో సందులున్నట్టు రాతిలోనూ కంటికి ఆనని సందులుంటాయి, గ్యాసు వాటిల్లో నిలిచి ఉంటుంది. అంత లోతు నుంచి తీసిన అసలు రాయి మాబోటి వాళ్ళకి యాడ దొరుకుతుంది? అందుకని ఇసుక జల్లించి, జిగురు కలిపి, ఇనుప గొట్టంలో దట్టించి, ఓవెన్లో కాల్చి, బొటనవేలంత రాళ్ళు మేమే చేసుకునేవాళ్ళం. రాతికి ఒక పక్క నుంచి గాలి కొట్టి, రెండో పక్కకు ఎంత వస్తుందో కొలిచేవాళ్ళం. గ్యాసు రాతిలో ఎట్ల నడుస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మా ఊరు పాకాల దగ్గర. మా అన్న సేద్యం చేసేవాడు. నన్ను చదివించింది ఆయనే. ఆ ఏడు చెరుకు నిలువునా ఎండిపోతా ఉంటే బావిని లోతు చేయిస్తా ఉన్నాడు. అడుగున గట్టి బండ తగిలింది. తూటాలు పెట్టి పేల్చడం, పొగ పోయినాక దిగి రాళ్ళు ఎత్తిపోయడం, మళ్ళీ పేల్చడం. నీళ్ళు పడితే చెరుకు, పడకుంటే భూమి అమ్ముకొని బెంగుళూరులో కూలి. ఇంట్లో ఇంకో మాట లేదు.

ఒక ఆదివారం నేను ఇంటికి పోతే, ఇంతకీ తిరుపతిలో నువ్వు చేసే పనేందని అన్న అడిగినాడు. చెప్పినాను. పడీపడీ నవ్వినాడు.

"మేము ఈడ రాయి పగలగొట్టలేక సస్తా ఉంటే, నువ్వు ఆడ నీడన కూసోని రాయి సేస్తా ఉండావా! బాగుండాదిరా నీ సదువు!"

నేను బస్సుకి బయలుదేరేటప్పుడు, బావి అడుగున పేలుళ్ళకు పొడైన రాతి ఇసుక ఒక సంచిలో పోసి తెచ్చి నా చేతికిచ్చినాడు. "మన బాయి రాయి గూడా ఒగటి సెయ్యి. దాంట్లో గాలన్నా వస్తాదేమో సూస్తాం, నీళ్ళయితే రాలే" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరు మాట అదే.

ఆ ఇసుకతో రాయి చేసినాను. దాన్ని పరీక్షకు బిగించిన రోజు పొద్దున కరెంటు లేదు. కంప్రెసర్ ఆడక సైకిలు పంపుతో గాలి కొట్టినాము. అంటే లోపలికి పోయింది మేము పీల్చే మామూలు గాలే, మంటను ఆర్పే నైట్రోజన్ సిలిండరు గ్యాసు కాదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే విన్న ప్రతివాడూ మొదట ఆ అనుమానమే పడతాడు.

గొట్టం అతుకుల్లో యాడన్నా గాలి కారుతుందేమో తెలుసుకోవడానికి కొవ్వొత్తి పట్టి చూడటం మా అలవాటు. గాలి తగిలితే మంట పక్కకు వంగుతుంది. అతుకులన్నీ చూసి, రాతి రెండో కొస దగ్గర కొవ్వొత్తి పెట్టినాను. మంట వంగలేదు. నిలువుగా ఉన్నది ఉన్నట్టే కుంచించుకుపోయి, వత్తి కొనన నీలంగా చుక్కంత నిలిచి, ఆరిపోయింది. ఊదితే ఆరినట్టు కాదు. పొగ కూడా నిలువుగానే లేచింది.

నాతో పాటు రీసెర్చి చేసే మునిరత్నం, పలమనేరు అబ్బాయి, పక్కనే ఉండి పంపు కొడతా ఉన్నాడు. "కొవ్వొత్తి కల్తీదబ్బా, మార్చు" అన్నాడు. మార్చినాను. ఆరింది. అగ్గిపుల్ల గీసి పెట్టినాను, అదీ ఆరింది. రాయి విప్పేసి, స్వర్ణముఖి ఏటి ఇసుకతో చేసిన ఇంకో రాయి బిగిస్తే మంట కొంచెం వంగి చక్కగా వెలిగింది. మళ్ళీ మా బావి రాయి బిగించినాను. మళ్ళీ ఆరింది. మునిరత్నం పంపు వదిలేసి లేచి నిలబడినాడు. "నాకేమో బాగా లేదప్పా, ఈ పొద్దుకి చాలు" అన్నాడు.

ఆ నిమిషంలో మా అన్న గుర్తొచ్చినాడని చెప్పను. రాలేదు. అబద్ధం చేర్చి కథను బాగు చేయడం నాకిష్టం లేదు.

మధ్యాహ్నం అన్నం తినొచ్చేసరికి మా పక్కింటి రెడ్డెప్ప డిపార్టుమెంటు మెట్ల మీద కూర్చోని ఉన్నాడు. "మీయన్న బాయిలో..." అంటా లేచి, నా చెయ్యి పట్టుకొని బస్టాండు పక్కకు నడిపించినాడు.

మా ప్రాంతంలో బావిలో దిగేముందు లాంతరు వదిలి చూస్తారు. దీపం ఆరితే అడుగున చెడుగాలి ఉన్నట్టు. ఆ రోజు ఎవరూ దిగరు. నేను ఇల్లు చేరేసరికి అన్నను అరుగు మీద పండబెట్టి ఉన్నారు. ఒంటి మీద చిన్న గాయం లేదు. నాయన నా చొక్కా పట్టుకున్నాడు.

"నేనే వదిలినాను లాంతరు. ఆరలేదురా అబ్బోడా, నా కండ్ల తోడు, ఆరలే. బాగా ఎలిగింది. ఎలిగిందని నేనే దిగమన్నాను."

గట్టున నిలబడిన కూలీలు కూడా అదే చెప్పినారు. తూటా పేల్చి పొగ పోయినాక అన్న ముందు దిగినాడు, రెండు రాళ్ళు ఎత్తినాడు, కూర్చుండిపోయినాడు. ఒకతను ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని దిగి తాడు కట్టినాడు. అన్నను పైకి లాగేటప్పుడు కూడా ఆ లాంతరు అడుగున వెలుగుతానే ఉండిందంట. పొద్దెక్కినాక జరిగిందన్నారు. మేము పరీక్ష చేసిందీ ఆ వేళకే. గడియారం చూసుకోలేదు కాబట్టి నిమిషాలు చెప్పలేను.

తెలిసిన డాక్టరు ఒకాయన తర్వాత వివరించినాడు. తూటా మందు పొగలో ఒక విషవాయువు ఉంటుందంట. అది దీపాన్ని ఆర్పదు, మనిషిని మాత్రం చంపుతుంది. సరే, బావిలో జరిగింది అట్ల అర్థమైంది. ల్యాబులో జరిగిందేందని అడిగితే అది తన చదువులో లేదన్నాడు.

ఆ ఆఖరు తూటాకే బండ పగిలింది, తర్వాత ఆ రాళ్ళు ఎత్తితే కింద నీళ్ళు పడినాయి. ఆ నీళ్ళే చెరుక్కి పెట్టినాము. పెట్టక ఏం చేస్తాం, తినే నోళ్ళు ఉన్నాయి గదా. మా వదిన ఆ చెరుకు బెల్లం మాత్రం ఈ పొద్దుటికీ ముట్టదు.

అన్న దినాలు అయినాక తిరుపతికి పోయి అదే రాయి బిగించినాను. కొవ్వొత్తి శుభ్రంగా వెలిగింది. ఎన్నిసార్లు చేసినా వెలిగింది. నాకు ఏడుపొచ్చి మునిరత్నం ముందే ఏడ్చినాను.

అది నీకొచ్చిన సూచన అంటారు కొందరు. ఆ మాట వింటే చెంప మీద కొట్టాలనిపిస్తుంది. ఎవరికి పనికొచ్చిందయ్యా ఆ సూచన? ఎందుకట్ల జరిగిందో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. నాయన ఇంకో పన్నెండేళ్ళు బతికినాడు. ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది గానీ, కొవ్వొత్తి సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్తే ఒకటే మాట అడుగుతాడు: "ఆడ ఆరింది సరే, నేను సూస్తా ఉంటే ఈడ ఎందుకు ఆరలేదురా?"